చివరి పాటలో రెండో గొంతు

ఆస్ట్రేలియా అంతా పేరున్న ఒక గాయకుడు మా ఇంట్లో పులిహోర తిన్నాడని నేను చాలామందికి చెప్పాను. సిడ్నీలో, హారిస్ పార్క్‌లో మిఠాయి కొట్టు బయట వేసిన బల్లల దగ్గర సాయంత్రాలు మన పిల్లలు చేరతారు. యూనివర్సిటీలో చదువుకుంటూ పార్ట్‌టైములు చేసుకునేవాళ్ళు. వాళ్ళకి కనీసం నాలుగుసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగింది. మొదటిసారి పులిహోర ఒక్కటే. రెండోసారి పులిహోరతోబాటు గోంగూర పచ్చడి. మూడోసారి ఆయన కళ్ళు తుడుచుకుంటూ, ఈ ఘాటు మీద ఒక పాట కడతానన్నాడు. నాలుగోసారికి కట్టేశాడు కూడా. ఏ ఆల్బమ్‌లో ఉంది అంకుల్ అంటూ ఒకడు ఫోను తీసేసరికి, గ్రేటెస్ట్ హిట్స్‌లో చేర్చలేదులే నాయనా, చిన్న పాట అని తప్పించుకున్నాను.

నిజానికి ఆయన్ని నేను ఒక్కసారే చూశాను. ఏటా వ్యవసాయ ప్రదర్శన జరిగే మైదానంలో, గొర్రెల షెడ్డు పక్కన కట్టిన వేదిక మీద. నేను నిలబడ్డ చోటికి ఆయన నా బొటనవేలంత ఉన్నాడు, ఆయన టోపీ గోరంత ఉంది. పాటలయ్యాక సంతకాల కోసం జనం వరస కట్టారు. నేనూ నిలబడ్డాను. నా ముందు ఇంకా ముప్పై మంది ఉండగానే ఆయన లేచి వెళ్ళిపోయాడు. మా పరిచయం అంతవరకే.

నా సంగతి మొదటే చెప్పేస్తే మంచిది. ఈ దేశం వచ్చిన కొత్తలో మా ఊళ్ళో వాళ్ళకి నేనిక్కడ చీఫ్ ఇంజనీరునని ఉత్తరాలు రాశాను. డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇక్కడి తెలుగువాళ్ళకేమో తెనాలి వైపు పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవాణ్ణని చెప్పాను. రాజు వెనక నిలబడి వింజామర వీచేవాణ్ణి. వీచి వీచి రాజుగారి పద్యాలన్నీ నోటికొచ్చాయి, అంతే. ఈ కోతల వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. ఇప్పుడు రాయబోయేది అలాంటిది కాదు.

పెండిల్ హిల్‌లో మేం ఇల్లు కొనుక్కున్నప్పుడు పక్కింట్లో ఆయనా, ఆవిడా ఉండేవాళ్ళు. పిల్లల్లేరు. ఆయన రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానాలో బాయిలర్ల పని చేసేవాడు. ఇనుము మీద ఇనుము మోతలో బతికిన మనిషి కనుక చెవులు నలభై ఏళ్ళకే సగం పోయాయి. ఆవిడది కొండలకి అవతల, గోధుమ పండించే చిన్న ఊరు. ఇక్కడ ఇరుగు పొరుగు స్నేహమంతా కంచె మీదే నడుస్తుంది. మా కంచె ఆయన భుజానికి, నా గడ్డానికి వచ్చేది. దాని మీంచి నిమ్మకాయలు ఇటు వచ్చేవి, మా ఆవిడ చేసిన గారెలు అటు వెళ్ళేవి. నేను పెరట్లో పద్యం ఎత్తుకుంటే ఆయన కంచె దగ్గరికొచ్చి, ఎవరు పోయారు అని చాలా మర్యాదగా అడిగేవాడు. తర్వాత్తర్వాత నన్ను మాస్ట్రో అని పిలవడం మొదలుపెట్టాడు. అది వెక్కిరింతని తెలుసు. అయినా నాకు బాగుండేది.

మా అమ్మాయికి స్కూల్లో ఏదో బుష్ డాన్స్, అంటే ఇక్కడి పల్లెటూరి నాట్యం, పెట్టారు. ఆస్ట్రేలియా పాటలు కావాలంది. మా ఇంట్లో అవి లేవు. పక్కింటావిడ ఒక క్యాసెట్ తెచ్చి కంచె మీంచి ఇచ్చింది. ఆ గాయకుడిదే, ఆయన మొదటి ఆల్బమ్. అప్పటికాయన ఇంత పేరున్నవాడు కాదు. అట్ట మీద బక్కపల్చటి కుర్రాడు గిటారు పట్టుకుని కంచె మీద కూర్చున్నాడు. అమ్మాయి పని అయిపోయాక ఆ క్యాసెట్ మా టేప్ రికార్డరు పక్కనే ఉండిపోయింది.

అదే రోజుల్లో మన తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి హాలు తీసుకున్నారు. పద్యాలు పాడతానని నేను పేరిచ్చాను. కార్యక్రమం చూసే డాక్టరుగారు నా గురించి ఏం విన్నారో గాని, ఊరికే స్టేజి ఇవ్వలేమండీ, ఒక క్యాసెట్ చేసి ఇవ్వండి, విని చెప్తాం అన్నారు. ఆదివారం సాయంత్రం ఆయనే వచ్చి పట్టుకెళ్తానన్నారు. ఆదివారం మధ్యాహ్నం దాకా నేను గొంతు సవరించుకుంటూ కూర్చున్నాను. తీరా చూస్తే ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. ఆ రోజుల్లో సిడ్నీలో ఆదివారం మధ్యాహ్నం కొట్లు తెరిచి ఉండేవి కావు.

క్యాసెట్ పైఅంచున రెండు మూలలా రెండు చిన్న గుంటలుంటాయి. కంపెనీ క్యాసెట్ల మీద ఎవరూ పొరపాటున రికార్డు చెయ్యకుండా ఉండటానికి పెట్టినవి. ఆ గుంట మీద సెల్లో టేపు ముక్క అంటిస్తే చాలు, ఎవరి పాట మీదైనా మన పాట ఎక్కించవచ్చు. మన ఊళ్ళలో రికార్డింగు కొట్టు చుట్టూ తిరిగిన ప్రతివాడికీ వచ్చిన విద్య ఇది. నేను పక్కింటావిడ క్యాసెట్‌కి సెల్లో టేపు అంటించాను. గుర్రాలు, దుమ్ము, తాగుడు తప్ప ఏముంటాయి ఈ పాటల్లో, ఇంకోటి కొనిచ్చేస్తే సరి అనుకున్నాను. టేప్ రికార్డరు బాత్‌రూములో పెట్టి, గొంతు మారుమోగుతుందని తలుపేసుకుని, రెండో వైపంతా పాడాను.

ఏకబిగిన పద్దెనిమిది నిమిషాలు పాడానని చాలాకాలం చెప్పుకున్నాను. తప్పులు పోయి, మూడు పద్యాల్నే రెండేసిసార్లు, మొత్తం ఆరు పాడాను. బయటినుంచి మా ఆవిడ తలుపు తట్టి అంది.

"కడుపులో నొప్పేమోనని పక్కింటావిడ అడుగుతోందండీ. ఏమని చెప్పమంటారు?"

డాక్టరుగారు విన్నారు. ఉగాది రోజు నాకు పచ్చడి కప్పులు పంచే పని ఇచ్చి, క్యాసెట్ తిరిగి ఇచ్చేశారు.

ఆ మరుసటి శనివారం పక్కింటావిడ కంచె దగ్గరికొచ్చింది. చెల్లెలి కూతురు బ్రిస్బేన్ నుంచి వచ్చిందట, దానికి వినిపించాలి, క్యాసెట్ కావాలంది. "రెండో వైపు చివరి పాట ఉంది చూడు లవ్, అందులో ఆయనతో కలిసి పాడిన రెండో గొంతు నాది" అంది. ఆవిడకి అందరూ లవ్‌లే. పెళ్ళికి ముందు సంగతట. ఆ గాయకుడిది పక్క ఊరు. రికార్డింగుకి డబ్బులిచ్చి ఎవర్నీ పెట్టుకోలేక, చర్చిలో పాడే ఈ అమ్మాయిని వెంటబెట్టుకెళ్ళాడు. అట్ట మీద ఆవిడ పేరు వెయ్యలేదు. ఆవిడ ఇంకెప్పుడూ ఎక్కడా పాడలేదు. ఊళ్ళో ఉన్న ఎల్పీ రికార్డు వరదలో పోయింది. ఇది ఒక్కటే మిగిలింది.

వింటూ నేను నిమ్మచెట్టు కేసి చూస్తున్నాను. అప్పుడే చెప్పేసి ఉంటే ఆవిడ నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండి ఊరుకునేదేమో. నేను చెప్పింది వేరు. ఆఫీసులో ఒక మిత్రుడు వినడానికి పట్టుకెళ్ళాడన్నాను. ఆ మిత్రుణ్ణి తర్వాత పెర్త్‌కి బదిలీ చేశాను. పెర్త్‌లో ఇల్లు మార్పించాను. ఆవిడ మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, డబ్బో అనే ఊరు వెళ్ళే దారిలో పెట్రోలు బంకులో, బిస్కెట్ ప్యాకెట్ల పక్కన అట్టపెట్టెలో సీడీలు పోసి ఉంటే చూశాను. అందులో ఆ గాయకుడి గ్రేటెస్ట్ హిట్స్ ఉంది. మొత్తం పద్నాలుగు పాటలు. ఆఖరున ఆవిడ పాట. అక్కడే నిలబడి పేరు మూడుసార్లు చదువుకున్నాను. ఇన్నేళ్ళ బరువు దిగిపోయినట్టనిపించింది. కొని తెచ్చాను. ఇచ్చేస్తే అయిపోయేది. కాని నేను ఊరికే ఇచ్చే రకం కాదు. ఇంటికొచ్చి నల్ల మార్కరు తీసి, అట్ట మీద ఆ గాయకుడి పేరు వంకర్లు తిప్పి సంతకం చేశాను. దాని పైన "నీ గొంతుకి కృతజ్ఞతలతో" అని ఇంగ్లీషులో రాశాను. ప్రదర్శనలో ఆయన్ని కలిశాననీ, మీ పేరు చెప్పగానే ఆయన కళ్ళు చెమర్చాయనీ కంచె మీంచి వాళ్ళిద్దరికీ చెప్పాను. పులిహోర కథకి పునాది అక్కడ పడింది.

పక్కింటాయన సీడీ చేతిలో పట్టుకుని, చదివి, ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ చేతిరాత చూసింది. తర్వాత నన్ను చూసింది.

వారం తర్వాత ఆయన పనికి వెళ్ళిన వేళ ఆవిడ కంచె దగ్గరికి పిలిచింది. పక్కింటి కుక్క గురించి మాట్లాడినంత మామూలుగా మాట్లాడింది.

"అందులో పాడింది నేను కాదు. పాటలన్నీ మళ్ళీ కొత్తగా రికార్డు చేశాడు. వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఎవరో మంచి గొంతున్న పిల్ల. మా ఆయనకి మాత్రం చెప్పకు. ఆ సంతకం చూసి చాలా సంతోషపడ్డాడు." వెళ్ళబోతూ అంది. "క్యాసెట్ ఏమైందో నేనింక అడగను."

అడగలేదు కూడా. నిమ్మకాయలు పంపడం మాత్రం మానలేదు. ఆ నిమ్మకాయలతో మా ఆవిడ పచ్చడి పెట్టిన ప్రతిసారీ, నాకు వడ్డించేటప్పుడు గరిటె గిన్నె అంచుకి కొంచెం గట్టిగా తగిలేది. మా ఆవిడకి అన్నీ తెలుసు.

పన్నెండేళ్ళ కిందట పక్కింటావిడ పోయింది. ఆయన ఆ సీడీని ఆవిడ ఫొటో పక్కన నిలబెట్టాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా, తీసి చూపించేవాడు. ఇందులో నా భార్య పాడింది, చూడు ఆయనేం రాశాడో అనేవాడు. విన్నది లేదు. ఎందుకు వినవు అని ఒకసారి అడిగాను. ఇప్పుడే వింటే అయిపోతుంది మేట్, దాచుకోనీ అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడకి చెప్పలేదు.

నిరుడు ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. కార్ఖానా దుమ్ము ఇన్నాళ్ళకి లెక్క తేల్చుకుందని డాక్టర్లు చెప్పారు. ఇంక చెయ్యగలిగింది లేదని తేలాక, ఆఖరి రోజులు గడిపే వార్డుకి మార్చారు. కిటికీలోంచి కారు పార్కింగు, అవతల యూకలిప్టస్ చెట్టు ఒకటి కనిపించేవి. వారానికి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి. చెవుల్లో పెట్టే మిషను ఉన్నా గట్టిగా మాట్లాడాల్సి వచ్చేది. మా ఆవిడ పంపిన పెరుగన్నం రెండు చెంచాలు తిని, బాగుందని చెప్పమనేవాడు. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. చేతులు మాత్రం అంతే పెద్దవి, దుప్పటి మీద ఇంకెవరివో పెట్టినట్టుండేవి.

ఒక మంగళవారం, ఆ సీడీ తీసుకురా మాస్ట్రో, టైమైంది అన్నాడు. ఇంటి తాళం నా దగ్గరే ఉంది. వెళ్ళి ఫొటో పక్కనుంచి సీడీ తీశాను. అది ఉన్న చోట దుమ్ములో చతురస్రం మిగిలింది. వార్డుకి తీసుకెళ్ళే దారిలో సీడీ పోయిందని చెబుదామా అనుకున్నాను. గీత పడింది, పాడటం లేదని చెబుదామా అనుకున్నాను. ఇన్నేళ్ళు అబద్ధాలాడినవాడికి ఆ రోజు ఒక్కటీ నోట్లోంచి ఊడిపడలేదు. చెవులు సగం పోయిన మనిషి, తేడా ఏం తెలుస్తుందిలే అనుకుని వెళ్ళాను.

వెంట తెచ్చిన సీడీ ప్లేయరు దిండు పక్కన పెట్టి పద్నాలుగో పాట పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొదట గాయకుడి గొంతు, బాగా ముదిరిన గొంతు. పల్లవి దగ్గర అమ్మాయి గొంతు కలిసింది. శుభ్రంగా, పాలిష్ పెట్టినట్టు ఉంది. ఆయన కళ్ళు తెరిచి ప్లేయరు వైపు చూశాడు. పాట అయిపోయాక ఇంకోసారి పెట్టమన్నాడు. మూడోసారి సగంలో చెయ్యెత్తి ఆపమన్నాడు.

"నాకామె గొంతు గుర్తు లేదు, మాస్ట్రో" అన్నాడు. "ఆమె మొహం పోయినా ఫొటో ఉందిలే అనుకున్నాను. గొంతు ఇందులో దాచుకున్నాను. ఇప్పుడు వింటే ఎవరో పరాయి మనిషి పాడుతున్నట్టుంది. నలభై ఏళ్ళు కాపురం చేసి గొంతు మర్చిపోయే మొగుడుంటాడా?"

ఆ క్షణాన నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. నీకు గుర్తుంది, సరిగ్గా గుర్తుంది కాబట్టే ఈమె పరాయిదని తెలిసింది, తప్పు నీది కాదు అని. అది నా నోటిదాకా వచ్చింది.

"మందుల వల్ల అలా అనిపిస్తుంది" అన్నాను.

ఆయన తలూపాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

బయట కారులో మా ఆవిడ కూర్చుని ఉంది. చెప్పాను. మొదటినుంచీ చివరిదాకా ఏమీ పెంచకుండా నేను చెప్పిన కథ బహుశా అదొక్కటే. ఆవిడ సీటు బెల్టు పెట్టుకోకుండా విని, రేపు పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పమంది. పోయేవాడికి ఇప్పుడు ఇదంతా చెప్పి మనసు కష్టపెట్టడం ఎందుకన్నాను.

"పెళ్ళాం గొంతు మర్చిపోయాననుకుంటూ పోతున్నాడండీ ఆయన. మీరు దొంగని తెలుసుకుని పోతే ఆయనకొచ్చే నష్టమేమిటి?"

ఇంటికొచ్చాక మా అమ్మాయికి ఫోను చేశాను. అసలు రికార్డు దొరుకుతుందేమో వెతకమన్నాను. గంట తర్వాత అదే చేసింది. "డాడ్, ఒరిజినల్ ఎక్కడా లేదు. ఎవ్రీవేర్ ఇట్స్ ద సేమ్ రీ-రికార్డింగ్. వై డు యూ నీడ్ ఇట్ సో బ్యాడ్లీ?" అంది. ఊరికే అన్నాను. ఊరికే అన్న మాటకి మా అమ్మాయి ఏం అర్థం చేసుకుందో గాని, నువ్వు బాగానే ఉన్నావా నాన్నా అని తెలుగులో అడిగింది. అది తెలుగులో మాట్లాడిందంటే భయపడిందన్నమాట.

మా ఆవిడ గరాజ్‌లోకి వెళ్ళి ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో మా పెళ్ళి క్యాసెట్, రెండు హరికథలు, అడుగున ఆ క్యాసెట్. పారేశావనుకున్నాను అన్నాను. మీ గొంతు పొరపాటున ఎవరైనా వింటారేమోనని దాచానంది. నవ్వించడానికే అంది గాని ఇద్దరం నవ్వలేదు. గరాజ్‌లోనే బియ్యం బస్తా మీద ఆవిడ, పెయింటు డబ్బా మీద నేను కూర్చుని, పాత టూ-ఇన్-వన్‌లో రెండో వైపు పెట్టాం. నా గొంతు వచ్చింది. వయసులో ఉన్న గొంతు, తనని తాను వినుకుంటూ పాడే గొంతు. ఆరు పద్యాలూ విన్నాం. ఆరో పద్యం ఆఖరి రాగం గాలిలోకి లేస్తుండగా టక్కుమని చప్పుడైంది. నేను అక్కడ ఆపేశాను.

ఆ తర్వాత టేపు ఇంకా తిరుగుతోంది.

నేను తుడిచెయ్యకుండా వదిలేసిన ముక్క అది. చివరి పాటలో చివరి పల్లవి. ఎంతో లేదు, నలభై సెకన్లు. గిటారు, ఆ గాయకుడి కుర్ర గొంతు, దాని కింద ఆవిడ. పాలిష్ లేదు. కొంచెం ముక్కుతో పలికే గొంతు. ఒక చోట శ్రుతికి కిందగా దిగి, తెలుసుకుని, పైకి పాకింది. కంచె మీంచి లవ్ అని పిలిచే గొంతే. ఇరవై ఏళ్ళ పిల్లలో కూడా అదే ఉంది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టేపు అయిపోయి మీట పైకి లేచింది.

పొద్దున్నే టూ-ఇన్-వన్ భుజాన పెట్టుకుని వార్డుకి వెళ్ళాను. తెల్లవారుజాము నుంచి ఆయనకి స్పృహ లేదని నర్సు చెప్పింది. మాట్లాడండి, వినిపిస్తుంది, వినికిడి ఆఖరున పోతుంది అంది. ఈయనకి ముందే పోయిందమ్మా అనబోయి ఊరుకున్నాను.

మంచం పక్కన కూర్చుని చెప్పాను. సెల్లో టేపు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను గాని, సంతకం దగ్గరికి వచ్చేసరికి తెలుగులో మాట్లాడుతున్నానని తెలిసింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ ముక్క ఇంగ్లీషులో చెప్పలేదు. చెవి మిషను తీసి సొరుగులో పెట్టారు. తీసి తొడగడానికి నాకు చేతకాలేదు. టూ-ఇన్-వన్ దిండుకి ఆనించి, గొంతు మొత్తం పెంచి మీట నొక్కాను.

పద్యం మొదలైంది. కంగారులో టేపు సరిగ్గా తిప్పుకోలేదు. ముందుకు తిప్పే మీట ఎప్పుడో విరిగిపోయింది. గదంతా నా రాగమే. నర్సు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆపితే మీట మళ్ళీ పడుతుందో లేదోనని ఆపలేదు. అయిదో పద్యం సగం, ఆరో పద్యం మొత్తం, పోతున్న మనిషి చెవి పక్కన నేను పాడుతూనే ఉన్నాను. అప్పుడు టక్కుమంది. ఆవిడ గొంతు వచ్చింది. నలభై సెకన్లు. మీట పైకి లేచింది.

ఆయన ఊపిరి అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టాను. ఎన్నిసార్లో తెలియదు. కారు పార్కింగు టైము అయిపోతోందని కిందికి వెళ్ళి వచ్చేసరికి నర్సు కిటికీ తెరుస్తోంది. మనిషి పోయాక ఇక్కడ అలా తెరుస్తారు.

అంత్యక్రియలకి ఆయన భార్య చెల్లెలి కూతురు బ్రిస్బేన్ నుంచి వచ్చింది. అప్పట్లో పాట వినాలని అడిగిన పిల్లే, ఇప్పుడు జుట్టు నెరిసింది. శవపేటిక మీద ఇద్దరి ఫొటో, దాని పక్కన ఆ సీడీ పెట్టింది. అందరూ లేచి నిలబడ్డాక పద్నాలుగో పాట వేయించింది. ఇప్పుడు వచ్చే గొంతు మా పెద్దమ్మది అని మైకులో చెప్పింది. నేను చిన్నప్పుడు అడిగితే దొరకలేదు, ఈ పెద్దాయన దయవల్ల ఇవాళ వింటున్నాం అని నన్ను చూపించింది. ఎవరో పరాయి పిల్ల శుభ్రంగా పాడింది. జనం కళ్ళు తుడుచుకున్నారు. క్యాసెట్ నా కోటు జేబులో ఉంది.

బయట టీ దగ్గర ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, చివర్లో మీరున్నారట కదా, పెదనాన్న ఎలా పోయారు అని అడిగింది. పాట విన్నాడన్నాను. నవ్వాడన్నాను. నా చెయ్యి నొక్కి, అది ఆమే అన్నాడని కూడా చెప్పాను. ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మా ఆవిడ తన చెప్పుల వంక చూస్తూ నిలబడింది.

నవ్వలేదు. చెయ్యి నొక్కలేదు. ఏమీ అనలేదు. చివరిసారిగా నాతో ఆయన అన్న మాట, గొంతు మర్చిపోయే మొగుడుంటాడా అన్నదే. దానికి నేనిచ్చిన జవాబు మందులు.

ఇదంతా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. బాగుందంది. తర్వాత, ఆ బ్రిస్బేన్ అమ్మాయికి తెలుగు వచ్చా అని అడిగింది. రాదన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి, పోస్టాఫీసు కవరు ఒకటి తెచ్చి, క్యాసెట్ పైఅంచున పసుపుపచ్చగా మారిన సెల్లో టేపు ముక్కని గోటితో ఊడదీసి, క్యాసెట్ అందులో పెట్టింది. అడ్రసు కూడా తనే రాసింది. చీటీ మాత్రం మీరే రాయాలంది.

కవరు బల్ల మీద మూడు రోజులుగా ఉంది. ఇంగ్లీషులో ఇప్పటికి రెండు వాక్యాలయ్యాయి. రెండోదాంట్లో ఆయన నవ్వాడని రాశాను. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాలి.